పులికి ఉన్న లెక్క డుగాంగ్‌కు ఎందుకు లేదు?

పల్నాడు వైపు ఎక్కడైనా పులి అడుగులు కనిపించాయంటే మర్నాటికి గుంటూరులో ఏ టీ బడ్డీ దగ్గర నిలబడ్డా అదే కబురు. ఏ కెమెరాలో పడింది, వెంట పిల్లలున్నాయా, ఏ ఊరి పొలాల దాకా వచ్చింది అన్నది పేపర్లో వస్తుంది, జనం ఆసక్తిగా చదువుతారు. దేశంలోకెల్లా పెద్దదైన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం మన పక్కనే ఉండటం మనకు గర్వం కూడా. 2022 గణన ప్రకారం దేశంలో పులులు సగటున 3,682. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైన నాటి నుంచి డబ్బు, సిబ్బంది, అన్నిటికన్నా ముఖ్యంగా జనం దృష్టి ఆ జంతువు మీద నిలిచినందువల్ల వచ్చిన అంకె అది.

ఇక రెండో అంకె. మన దేశపు సముద్రాల్లో మిగిలిన డుగాంగ్‌లు (సముద్రపు గడ్డి మేసే క్షీరదాలు, సముద్రపు ఆవులన్నా ఈ వంశమే) దాదాపు 200 అని అంచనా. గుజరాత్‌లోని కచ్ సింధుశాఖ, తమిళనాడు పక్కనున్న పాక్ అఖాతం, మన్నార్ సింధుశాఖ, ఆపైన అండమాన్ నికోబార్ దీవులు, అన్నీ కలిపితే అన్ని. పులిలాగే ఇదీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో, అంటే అత్యంత గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్న జంతువే. కాగితం మీద రెంటికీ ఒకే హోదా. అయినా డుగాంగ్ కోసమని దేశంలో తొలి రిజర్వ్ ఏర్పడింది 2022 సెప్టెంబరు 21న. పాక్ అఖాతంలో తంజావూరు, పుదుక్కోట్టై జిల్లాల తీరం వెంట 448 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. పులి కంటే 49 ఏళ్లు ఆలస్యం.

పులికి అంత ఎందుకు ఇచ్చారని నేను అడగడం లేదు. దానికి దక్కినదంతా దక్కాల్సిందే. కానీ ఒక్క విషయం మన చర్చల్లోకి ఎప్పుడూ రాదు. పులి పుట్టిన పిల్లి కుటుంబంలో ఈనాటికీ నలభై దాకా జాతులున్నాయి. సింహం, చిరుత, చేపల కోసం మన కృష్ణా ముఖద్వారపు మడ అడవుల్లో తిరిగే బావురుపిల్లి, అన్నీ ఆ ఇంటివే. డుగాంగ్ పుట్టిన కుటుంబంలో బతికున్నది డుగాంగ్ ఒక్కటే. ఇది పోతే కోట్ల ఏళ్లు నడిచిన వంశం మొత్తం పోతుంది. ఏ జంతువుకు ఎంత శ్రద్ధ పెట్టాలో తేల్చేటప్పుడు ఈ సంగతిని మన ప్రభుత్వాలు, మన పత్రికలు లెక్కలోకి తీసుకోకపోవడం పెద్ద తప్పని నా అభిప్రాయం.

చూడని వాళ్ల కోసం నాలుగు మాటలు. మూడు మీటర్ల దాకా పొడవు, నాలుగు వందల కిలోల దాకా బరువు ఉండే క్షీరదం ఇది. తిమింగలానికి ఉన్నట్టే తోక రెండుగా చీలి ఉంటుంది. అయితే తిమింగలానికీ దీనికీ చుట్టరికం లేదు. నేల మీది జంతువుల్లో దీనికి దగ్గరి చుట్టం ఏనుగు. ఏనుగుకు లాగే మగ డుగాంగ్‌కు దంతాలు బయటికి వస్తాయి, ఆడదానికి చనుకట్టు ముందు కాళ్ల దగ్గర, అంటే తెడ్డుల్లాంటి రెక్కల మూలంలో ఉంటుంది. సముద్రంలో పూర్తిగా గడ్డి మీద బతికే క్షీరదం ఇదొక్కటే. లోతు తక్కువగా, నీరు తేటగా ఉన్నచోట నేలనంటి పెరిగే సముద్రపు గడ్డిని వేళ్లతో సహా పెకలించి రోజుకు ముప్ఫై నలభై కిలోలు తింటుంది. అది మేసుకుంటూ వెళ్లిన దారి గడ్డి మధ్యలో బాటలా పడుతుంది. పరిశోధకులు ఆ బాటల్ని చూసే చాలాసార్లు దాని ఉనికి పసిగడతారు. కొన్ని నిమిషాలకోసారి ఊపిరి కోసం పైకి రావాల్సిందే. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, దాని చావుబతుకులు అక్కడే ఉన్నాయి.

ఈ వంశం ఒకప్పుడు ఎంత పెద్దదో చెప్పే సాక్ష్యం మన దేశంలోనే ఉంది. ఇప్పుడు ఎండి బీడుగా కనిపించే కచ్ నేలల్లో సుమారు 2 కోట్ల ఏళ్ల నాటి రాళ్ల నుంచి సునీల్ బాజ్‌పాయ్ వంటి మన శాస్త్రవేత్తలు సముద్రపు ఆవుల శిలాజాలు తీశారు. ఒకే కాలంలో, ఒకే తీరంలో ఒకటికి మించిన జాతులు కలిసి బతికాయని వాటిని బట్టి తేలింది. వాటిలో ఒకదానికి భారతిసైరెన్ అని, మరొకదానికి కచ్చిసైరెన్ అని మన పేర్లే పెట్టారు. 2012లో ముగ్గురు పరిశోధకులు కచ్ శిలాజాలను అమెరికాలోని ఫ్లోరిడా, ఇంకా మెక్సికో శిలాజాలతో పోల్చి చూశారు. మూడు చోట్లా, మూడు వేర్వేరు కాలాల్లో, అదే పద్ధతి. కలిసి బతికిన జాతులకు ఒంటి పరిమాణంలో, మూతి వంపులో, దంతాల సైజులో తేడాలున్నాయి. పెద్ద దంతాలున్నది లోతుగా పాతుకున్న గట్టి దుంపల్ని తవ్వుకుంది, చిన్నవి ఉన్నది పైపైన పెరిగే లేత గడ్డిని తింది. ఒకే మైదానాన్ని తగాదా లేకుండా పంచుకున్నాయన్నమాట.

ఇంకా వెనక్కి వెళ్తే జమైకాలో దొరికిన పెజోసైరెన్ ఉంది. దాదాపు 5 కోట్ల ఏళ్ల నాటి జంతువు. 2001లో డారిల్ డామ్నింగ్ అనే అమెరికా శాస్త్రవేత్త దాని ఎముకల్ని వివరిస్తూ, నాలుగు కాళ్ల మీద నేల మీద నడవగలిగిన సముద్రపు ఆవు ఇదని చూపించాడు. తిమింగలాల పూర్వీకుల గురించి మన పాఠ్యపుస్తకాల్లో అక్కడక్కడా కనిపిస్తుంది, వీటి ఊసే ఉండదు. నాగార్జున విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదివే పిల్లలకు జమైకా సంగతి కాకపోయినా కచ్ సంగతైనా తెలియాలి కదా. మన నేలలో దొరికిన ఎముకలు, మన వాళ్లు చేసిన పని.

ఇక ఈ కుటుంబంలో అందరికంటే పెద్దది, అందరికంటే చివర పోయినది స్టెల్లర్ సముద్రపు ఆవు. దాని కథ చాలామంది విన్నదే. అయితే ఒక వంశం చివరి అంచుకు ఎలా చేరుతుందో ఇంత స్పష్టంగా రికార్డయిన ఉదంతాలు తక్కువ కాబట్టి వివరంగా చెప్పుకోవాలి.

1741లో విటస్ బేరింగ్ నాయకత్వంలోని రష్యా ఓడ అలాస్కా తీరం చూసి తిరిగొస్తూ, రష్యా తూర్పు కొసనున్న కమ్చాట్కాకు తూర్పున జనం లేని ఒక దీవికి కొట్టుకుపోయింది. నావికులకు స్కర్వీ జబ్బు. బేరింగ్ డిసెంబరులో అక్కడే చనిపోయాడు. మిగిలినవాళ్లలో జార్జ్ విల్హెల్మ్ స్టెల్లర్ అనే జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త ఉన్నాడు. ఒడ్డు వెంట సముద్రపు నాచు మేస్తున్న భారీ జంతువుల్ని ఆయన చూశాడు. ఎనిమిది మీటర్ల పొడవు, టన్నుల కొద్దీ బరువు, నోట్లో పళ్లు లేవు, వాటి బదులు నమలడానికి గట్టి పలకలు. వీపు ఎప్పుడూ నీటిపైన తేలుతూనే ఉండేది, పూర్తిగా మునగలేవు. మనిషిని చూసి బెదరవు. ప్రాణాలతో ఉన్న ఈ జంతువును చూసి శాస్త్రీయంగా రాసిన మనిషి స్టెల్లర్ ఒక్కడే. ఆయన 1746లో చనిపోయాడు, రాసింది 1751లో అచ్చయింది. అందులో ఒకచోట ఒక ఆడదాన్ని ఈటెతో కొట్టి లాగినప్పుడు మిగతావి తాడు తెంపడానికి ప్రయత్నించాయనీ, దాని జత మగది వరసగా రెండు రోజులు ఆ ఒడ్డుకే వచ్చిందనీ రాశాడు. ఇది చదివాక ఆ జంతువును మాంసపు ముద్దగా చూడటం నా వల్ల కాలేదు.

బతికి బయటపడ్డ నావికులు వెంట తెచ్చుకున్న నీటికుక్కల తోళ్లు మంచి ధర పలికాయి. దాంతో తోళ్ల వేటగాళ్లు ఆ దీవులకు బారులు తీరారు. సముద్రపు ఆవు వాళ్ల సరుకు కాదు, దారి మధ్యలో దొరికే తిండి. పెద్ద దీవి పక్కనున్న మెద్నీ దీవిలో 1754 నాటికే ఇవి అయిపోయాయి. మరుసటి ఏడాది, 1755లో, యాకొవ్లెవ్ అనే గనుల ఇంజనీరు వీటి వేటను ఆపాలని కమ్చాట్కా అధికారులకు అర్జీ పెట్టుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. చివరిదాన్ని చంపినట్టు రికార్డయింది 1768లో. కనిపించిన నాటి నుంచి పోయిన నాటికి 27 ఏళ్లు. ఆ జనాభా తట్టుకోగలిగిన దానికంటే ఏడు రెట్లకు పైగా వేట సాగిందని 2006లో శామ్యూల్ టర్వీ, క్లేర్ రిస్లీ అనే పరిశోధకులు లెక్కగట్టారు.

దురాశ కథగా దీన్ని చెప్పి వదిలేయడం తేలిక. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది వేరే ఉంది. స్టెల్లర్ చూసిన ఆ రెండు దీవుల మంద, ఒకప్పుడు జపాన్ నుంచి కాలిఫోర్నియా దాకా పసిఫిక్ ఉత్తర అంచు పొడుగునా బతికిన జాతిలో మిగిలిన చివరి ముక్క. ఎముకల నుంచి తీసిన జన్యువుల్ని ఈ మధ్య పరిశీలిస్తే, మనుషులు ఆ తీరాలకు చేరకముందు నుంచే దాని సంఖ్య తగ్గుతూ వచ్చిందని తేలింది. "అయితే అది ఎలాగూ పోయేదే కదా" అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. వాతావరణం, మేత తరిగిపోవడం వంటివి వేల ఏళ్లలో జాతిని ఒక మూలకు తోసి ఉండవచ్చు. ఆ మూలలో అది నిలదొక్కుకునే ఉంది, స్టెల్లర్ నాటికి రెండు వేల దాకా ఉండవచ్చని ఒక అంచనా. మూలకు చేరిన జాతికి ఇంకెక్కడా నిల్వ లేదు. అందువల్ల మామూలు రోజుల్లో తట్టుకోగలిగిన దెబ్బ కూడా ప్రాణాంతకం అవుతుంది. పాక్ అఖాతంలో, కచ్‌లో మిగిలిన డుగాంగ్‌లు సరిగ్గా ఆ స్థితిలోనే ఉన్నాయి. ఆస్ట్రేలియా ఉత్తర తీరంలో వేల సంఖ్యలో ఉన్నాయి, పర్షియన్ గల్ఫ్‌లోనూ పెద్ద మందలే ఉన్నాయి కాబట్టి డుగాంగ్‌కు ఢోకా లేదనుకోకూడదు. ఆస్ట్రేలియా నుంచి అవి ఈదుకుంటూ వచ్చి రామేశ్వరం దగ్గర లోటు పూడ్చవు. చైనా దక్షిణ తీరంలో అవి ఇక లేనట్టేనని 2022లో పరిశోధకులు ప్రకటించారు. అక్కడా 1988 నుంచే చట్టరీత్యా అత్యున్నత రక్షణ ఉంది.

ఇక్కడ ఎవరూ ఈటెలు పట్టుకుని తిరగడం లేదు. ఒకప్పుడు తమిళనాడు తీరంలో మాంసం కోసం పట్టేవారు, ఇప్పుడు అది బాగా తగ్గింది. ఇప్పటి ప్రధాన ముప్పు వల. చేపల కోసం వేసిన వలలో డుగాంగ్ చిక్కుకుంటే పైకి రాలేదు, ఊపిరి అందదు, కొన్ని నిమిషాల్లో చచ్చిపోతుంది. వల వేసినవాడికి దాన్ని చంపాలన్న ఉద్దేశమే ఉండదు. ఆ సమయానికి ఒడ్డున ఇంట్లో నిద్రపోతూ కూడా ఉండవచ్చు.

అలా పోయేవి కొన్నే కదా అనిపిస్తుంది. ఆడ డుగాంగ్ తొలిసారి తల్లి కావడానికి తక్కువలో తక్కువ ఆరేళ్లు, మేత చాలని చోట్ల పదిహేడేళ్ల దాకా పడుతుంది. పదమూడు నుంచి పదిహేను నెలల గర్భం, ఒక్కటే పిల్ల, ఏడాదిన్నర దాకా పాలు. కాన్పుకీ కాన్పుకీ మధ్య రెండున్నర ఏళ్ల నుంచి ఏడేళ్ల ఎడం. డెబ్భై ఏళ్లు బతుకుతుంది కాబట్టి ఈ నిదానం ఒకప్పుడు సరిపోయింది. అన్నీ అనుకూలిస్తే మంద ఏటా 5 శాతం పెరగగలదని నిపుణుల లెక్క, అంతకు మించి కుదరదు. 200 మీద ఐదు శాతం అంటే ఏడాదికి పది. అవీ మూడు విడివిడి ప్రాంతాల మీద చెదిరినవి. మన దగ్గర అప్పులిచ్చేవాళ్లు చెప్పినట్టు, వడ్డీ దాటి అసలులోకి చెయ్యి పెడితే అసలు ఎంతకాలం నిలుస్తుంది? ఒక ప్రాంతంలో ఏడాదికి ఐదారు పెద్ద డుగాంగ్‌లు వలల్లో పోతే చాలు, వేట ఒక్కటీ జరగకపోయినా ఆ మంద కరిగిపోతుంది.

మన చట్టం తడబడేది ఇక్కడే. వన్యప్రాణి చట్టం రాసినవాళ్ల ముందున్న శత్రువు తుపాకీ పట్టినవాడు, తోలు అమ్మేవాడు. మొదటి షెడ్యూల్ జంతువును వేటాడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. అడవిలో అది పనిచేసింది. సముద్రంలో అదే భయం తిరగబడుతుందని నాకనిపిస్తుంది. వలలో చనిపోయిన డుగాంగ్ కనబడితే మత్స్యకారుడికి ముందు కలిగేది కేసు టెన్షన్. చెబితే ఏమవుతుందోనని నీళ్లలో వదిలేసి వచ్చేస్తే ఆ చావు ఏ రికార్డులోనూ చేరదు. చావులు తెలియకపోతే ఏ మంద ఏ దిశలో పోతోందో ఎవరికీ తెలియదు. పులుల అడవిలో కోర్, బఫర్ అని గీతలు గీయవచ్చు, ఊళ్లను తరలించవచ్చు (అది ఎంత న్యాయమన్నది వేరే చర్చ). డుగాంగ్ మేసే చోటే వేల కుటుంబాలు చేపల వేటకు వెళ్తాయి. ఆ నీటికి కంచె లేదు, ఉండకూడదు కూడా.

అందుకే పాక్ అఖాతం రిజర్వ్‌ను అభయారణ్యంగా కాకుండా కన్సర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటించడం నాకు సరైన అడుగనిపించింది. స్థానికులను సంప్రదించి ప్రకటించాల్సిన తరహా ఇది. మత్స్యకారులపై కొత్త ఆంక్షలు ఉండవని ప్రభుత్వం మాట ఇచ్చింది. వలలో ప్రాణాలతో చిక్కిన డుగాంగ్‌ను వదిలిపెట్టిన మత్స్యకారులకు అక్కడి అటవీ శాఖ నగదు బహుమతి ఇచ్చి సన్మానిస్తోంది. భారత వన్యప్రాణి సంస్థ కొన్నేళ్లుగా మత్స్యకారులతో, వాళ్ల పిల్లలతో కలిసి పనిచేస్తోంది. తల్లీబిడ్డల్ని కలిపి వదిలేసిన వార్తలు అక్కడి నుంచి వస్తున్నాయి. నా అసంతృప్తి ఒక్కటే. బహుమతి వేరు, నష్టపరిహారం వేరు. డుగాంగ్‌ను వదలాలంటే వల కోయాలి. వల ఖరీదు, ఆ రోజు వేట, రెండూ పోతాయి. సన్మానం ఏదో ఒకరోజు జరుగుతుంది, వల బాకీ రేపటిది. కోసిన వలకు పూర్తి ఖరీదు, కొద్ది రోజుల్లో, ప్రశ్నలు లేకుండా అందాలి. అది హక్కుగా ఉండాలి.

రెండోది గడ్డి. వెలుతురు అందకపోతే సముద్రపు గడ్డి చచ్చిపోతుంది. నేలను గీరుకుంటూ పోయే ట్రాల్ వలలు, కాలవల్లో వచ్చే మురుగు, తవ్వకాల బురద, ఇవన్నీ దాని మీదే పడతాయి. రొయ్యలు, పీతలు, చేపల పిల్లలు తొలి రోజులు గడిపేది అందులోనే కాబట్టి గడ్డి మిగిలితే ముందు లాభపడేది మత్స్యకారుడే. డుగాంగ్ తిని విసర్జించిన గడ్డి విత్తనాలు త్వరగా మొలకెత్తుతాయని ఆస్ట్రేలియా పరిశోధనలో తేలింది. మేతకూ మేసేదానికీ అంత దగ్గరి బంధం ఉంది.

ఇదంతా తమిళనాడు సంగతి, విజయవాడలో కూర్చుని మనమేం చేస్తామని అడగవచ్చు. నిజమే, కృష్ణా గోదావరులు తెచ్చే ఒండ్రుతో మన తీరపు నీరు మసకగా ఉంటుంది, పాక్ అఖాతంలో ఉన్నంత గడ్డి మైదానాలు ఇక్కడ లేవు. కానీ వల వల్ల జరిగే అదే చావు మన ముందు ఏటా జరుగుతోంది. జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు సూర్యలంక, నిజాంపట్నం వైపు చచ్చి తేలుతుంటాయి. తాబేలు కూడా ఊపిరి కోసం పైకి రావాల్సిందే, అదీ మొదటి షెడ్యూల్ జంతువే, దాన్నీ ఎవరూ కావాలని చంపడం లేదు. ట్రాల్ వలలో తాబేలు తప్పించుకునే దారి పెట్టే పరికరం ఎప్పటి నుంచో ఉంది. అది వాడటం లేదనే కారణంతో 2019 నుంచి అమెరికా మన సముద్రపు రొయ్యల్ని కొనడం ఆపేసింది. చెరువు రొయ్యలకు ఆ దెబ్బ తగల్లేదు కాబట్టి మన జిల్లాల్లో దాని గురించి పెద్దగా మాట్లాడుకోలేదు.

మన రాష్ట్రం ఒక సూత్రాన్ని ఇప్పటికే ఒప్పుకుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఆ రోజులకు మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతిని 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలకు పెంచారు. చేప పెరగడం కోసం వేట ఆపినవాడికి సమాజం డబ్బివ్వాలన్నది అందులోని న్యాయం. నాకది చాలా సబబుగా తోస్తుంది. అయితే ఆ నిషేధం మొదలయ్యేసరికి తాబేళ్ల గుడ్ల కాలం దాదాపు అయిపోతుంది. అదే న్యాయాన్ని జనవరి–మార్చి నెలలకు కొంత చాపితే సరిపోతుంది. గుడ్లు పెట్టే ఒడ్డుల ముందు ఆ మూడు నెలలు ట్రాలర్లను దూరంగా ఉంచి, తీరానికి దగ్గరి నీటిలోకి అవి రాకూడదన్న ఇప్పటి నిబంధనను నిజంగా అమలు చేసి, తాబేలు పరికరం బిగించినందువల్ల తప్పిపోయే చేపకూ, తాబేలు కోసం కోసిన వలకూ డబ్బివ్వాలి. చనిపోయిన తాబేలు గురించి చెప్పినవాడి మీద కేసు పెట్టబోమని అటవీ, మత్స్య శాఖలు కలిసి రాతపూర్వకంగా ప్రకటించాలి. ఇక్కడ అది కుదిరితే తమిళనాడుకు, గుజరాత్‌కు డుగాంగ్ కోసం చూపించడానికి ఒక నమూనా ఉంటుంది. వెలగపూడిలో బడ్జెట్ రాసేటప్పుడు మత్స్య శాఖ పద్దులో కోసిన వలల పరిహారం అని ఒక్క వరస చేర్చడంతో ఈ పని మొదలుపెట్టవచ్చు. బాపట్ల, కృష్ణా జిల్లాల ఎమ్మెల్యేలు ఈసారి సభలో అడగాల్సిన ప్రశ్న అదే.